ఒక్క గుడి పట్టుకోండి: తిరుపతి నుంచి ప్రాచీన మతాల పరిశోధనలోకి దిగేవాళ్లకు

ప్రాచీన మతాల మీద పనిచేయాలని ఉబలాటపడే కుర్రకారు మొదట్లో చేసే తప్పు ఒకటే. శైవం, వైష్ణవం, ఆగమాలు (గుడి కట్టడాన్ని, పూజను విధించే శాస్త్రాలు) అని ఏదో ఒక పెద్ద మాట పట్టుకుని లైబ్రరీలో కూర్చుంటారు. రెండేళ్లకు నోట్సు పుస్తకాలు నిండుతాయి. అందులో తాము సొంతంగా చదివిన శాసనం ఒక్క పంక్తి ఉండదు, టేపు పెట్టి కొలిచిన విగ్రహం ఒక్కటి ఉండదు. ఇక ఆ తర్వాత రాసేదంతా ఎవరో చెప్పినదాన్ని తిప్పి చెప్పడమే. తిరుపతి, చిత్తూరు ప్రాంతంలో ఉన్నవాళ్లకు ఈ గతి పట్టాల్సిన పనిలేదు. రాళ్ల మీద రాత, ఇంకా నడుస్తున్న పూజ, తాటాకు ప్రతులు, వాటిని చదవడం నేర్పే పండితులు, నాలుగూ బస్సు దూరంలో ఉన్న చోటు ఇది. కాబట్టి మొదటి మూడేళ్లకు ఒక గుడి ఎంచుకోండి. ఆ గుడిని గోడగోడకూ చదవండి.

ఏ గుడి?

తిరుమల మాత్రం కాదు. మొదటి పనికి అది పెద్ద బండ. తిరుమల, తిరుపతి, తిరుచానూరు గుళ్లలో దొరికిన శాసనాలే వెయ్యికి పైగా ఉన్నాయి. పైగా తిరుమల గుడి లోపలికి ఫోను గానీ కెమెరా గానీ తీసుకుపోనివ్వరు, గోడ ముందు నిలబడి చదివే తీరిక క్యూలైనులో దొరకదు. అక్కడి శాసనాలను అచ్చులో చదవాలి. అందుకు దేవస్థానం వేసిన శాసన సంపుటాలున్నాయి. సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి 1930లో ఇచ్చిన నివేదికతో మొదలై ఆరు సంపుటాలుగా వచ్చిన పని అది. దాని సంగతి తర్వాత.

మొదటి గుడికి నాలుగు లక్షణాలు చూసుకోండి. శాసనాలు పది నుంచి నలభై లోపు ఉండాలి. వాటిలో సగమైనా ఎవరో ఒకరు ఇంతకుముందు చదివి అచ్చువేసి ఉండాలి, లేకపోతే మీరు చదివింది తప్పో ఒప్పో చెప్పే దిక్కుండదు. పూజ జరుగుతూ ఉండాలి. పొద్దున పోయి సాయంత్రానికి ఇల్లు చేరే దూరంలో ఉండాలి, ఎందుకంటే ఒకే గోడ దగ్గరికి పదిసార్లు పోవాల్సి వస్తుంది. తిరుచానూరు పక్కనే ఉన్న యోగిమల్లవరం పరాశరేశ్వరాలయం ఇలాంటిదే, చోళుల కాలం శాసనాలున్నాయి. శ్రీకాళహస్తి దగ్గర తొండమనాడు ఇంకోటి. చోళరాజు ఆదిత్యుడు చనిపోయాక ఆయన అస్థికల మీద కొడుకు పరాంతకుడు కట్టించిన గుడి అక్కడిది. రాజు సమాధి శివాలయం ఎలా అయిందన్న ప్రశ్న ఒక్కటి చాలు, ఒక థీసిస్‌కు సరిపడా మేత. పడమటి మండలాల వాళ్లయితే గుళ్ల కన్నా పొలాల గట్ల మీది వీరగల్లులతో మొదలుపెట్టడం మేలు. బాణులు, వైదుంబులనే రాజవంశాల కాలంనాటి పోరాటాల్లో పడిపోయిన వీరుల రాళ్లవి. రాత తక్కువ, బొమ్మ ఎక్కువ, చదవడం కొంత సులువు.

భాష సంగతి

మనవాళ్లకు ఇక్కడొక చిత్రమైన ఇబ్బంది ఉంది. తిరుపతి ప్రాంతం గుళ్ల గోడల మీద ఉన్నది అత్యధికంగా తమిళం. తెలుగు, కన్నడ శాసనాలు వేళ్ల మీద కాకపోయినా, తక్కువే. చిత్తూరు జిల్లా వాళ్లకు తమిళం చెవికి తెలుసు, కంటికి తెలియదు. సంతలో మాట్లాడతారు, సినిమా చూస్తారు, అక్షరం మాత్రం రాదు. ఇది మంచి పునాదే. అక్షరాలు నేర్చుకోవడానికి ఒక నెల, మామూలు వచనం తడుముకోకుండా చదవడానికి ఆరు నెలలు వేసుకోండి.

శాసనాల తమిళం దగ్గర మళ్లీ ఆగిపోతారు. కారణాలు మూడు. ఒకటి, రాతి మీద సాధారణంగా పుళ్లి, అంటే పొల్లును చూపే చుక్క, పెట్టరు. అంటే పొల్లు అక్షరానికీ అకారంతో ఉన్న అక్షరానికీ తేడా కనిపించదు, 'క్' రాసినా 'క' రాసినా ఒకటే ఆకారం. రెండు, ఎ-ఏ, ఒ-ఓ లకు వేరు గుర్తులు లేవు. 'కొ' అని ఉన్నది రాజును చెప్పే 'కో' కావచ్చు, కొనడం కావచ్చు. మూడు, సంస్కృత మాటలు వచ్చిన చోట చెక్కినవాడు గ్రంథ లిపిలోకి దూకుతాడు, మాట అయిపోగానే తమిళ లిపికి తిరిగొస్తాడు. 'స్వస్తిశ్రీ' గ్రంథంలో ఉంటుంది, పక్క మాట తమిళంలో ఉంటుంది. అందుకే తమిళం, గ్రంథం జంటగా నేర్చుకోవాలి. తెలుగు లిపి వచ్చినవాళ్లకు గ్రంథంలో కొన్ని అక్షరాలు చుట్టాల్లాగే కనిపిస్తాయి. ఆ చుట్టరికాన్ని నమ్మి పట్టిక కంఠతా పట్టకుండా ఊహించి చదివితే 'ప'ను 'వ' అనో, 'వ'ను 'ప' అనో చదివేస్తారు.

సంస్కృతం తప్పదు. రెండేళ్లు. వ్యాకరణం మొత్తం మింగాలని కాదు, సంధి విడదీసి, సమాసం విప్పి, ఆగమ గ్రంథంలోని అనుష్టుప్పు శ్లోకం నిఘంటువు సాయంతో అర్థం చేసుకోగలిగితే పని నడుస్తుంది. విజయనగర కాలం రాగిరేకులు చదవాలంటే నందినాగరి లిపి కూడా కావాలి. అది నెలన్నర పని, నాగరి వచ్చినవాళ్లకు ఇంకా తక్కువ. ఇంగ్లిష్ చదవగలిగితే చాలు, మాట్లాడలేకపోతే ఏమీ కాదు. ఫ్రెంచ్, జర్మన్ భాషల్లో ఈ విషయం మీద చాలా మంచి పని ఉంది. పీహెచ్‌డీలో చేరాక వాటిలో ఒకటి చదివే మటుకు నేర్చుకోండి, ముందే మొదలుపెట్టి సంస్కృతాన్ని సగంలో వదిలేయకండి.

శాసనం ఎలా నడుస్తుందంటే

అచ్చులో ఉన్న దానశాసనాలు ఇరవై వరసగా చదివితే ఎముకల గూడు కంటికి కడుతుంది. ముందు మంగళవాక్యం. తర్వాత రాజు పొగడ్త, దీన్ని మెయ్‌కీర్తి అంటారు. ఆ తర్వాత పాలనా సంవత్సరం లేదా శక సంవత్సరం. ఊరు ఏ నాడులో, ఏ కోట్టంలో (అప్పటి పాలనా విభాగాలు) ఉందో. ఇచ్చినవాడు, పుచ్చుకున్నవాడు, ఇచ్చింది, దానితో ఏం చేయాలి. చంద్రాదిత్యులున్నంతవరకు అన్న మాట. ఈ ధర్మానికి హాని చేస్తే తగిలే పాపం. రాసినవాడి సంతకం. ఈ వరస తెలిస్తే పగిలిపోయిన చోట ఏ మాట ఉండాలో ఊహకు అందుతుంది. ఊహకు అందడం వేరు, అక్కడ అది ఉందని రాయడం వేరు. ఈ రెంటి మధ్య గీత చెరిపేసినవాళ్ల పేరు ఈ రంగంలో ఎక్కువకాలం నిలవదు.

మతం గురించి శాసనం చెప్పేది ఎక్కువగా లెక్కల్లో చెబుతుంది. చోళుల కాలంలో గుడికి ఒక అఖండదీపం ఇస్తే 90 లేదా 96 గొర్రెలు ఇస్తారు. తమిళంలో వాటిని 'చావా మూవా ప్పేరాడు' అంటారు, చావని ముదరని గొర్రెలు. గొర్రెలు చావవా? చస్తాయి. పుచ్చుకున్న కాపరి మందను పెంచుకుంటాడు, చచ్చినదాని బదులు పిల్లను చేరుస్తాడు, లెక్క మాత్రం 96 దగ్గరే నిలుస్తుంది. అందుకు గాను రోజూ ఇంత అని నెయ్యి గుడికి పోయాలి. చాలా చోట్ల అది ఉళక్కు అనే కొలతకు ఒకటి. నాలుగు ఉళక్కులు ఒక నాళి. ఈ ఒక్క మాటలో అసలు తరగని శాశ్వత నిధి ఉంది, కాపరుల కులవృత్తి ఉంది, గుడి ఊరిని ఎలా పట్టి ఉంచిందో ఉంది. 'భక్తితో దీపం పెట్టించారు' అని తెలుగులో ఒక ముక్కలో అనువదించి పోతే ఇదంతా జారిపోతుంది.

విజయనగర కాలం తిరుమల శాసనాల్లో గొర్రెలు పోయి డబ్బు వస్తుంది. దాత ఇన్ని పణాలు శ్రీభండారానికి, అంటే గుడి ఖజానాకు, కడతాడు. స్థానత్తార్లు, అంటే గుడి నిర్వాహకులు, ఆ డబ్బు గుడి పల్లెల్లో చెరువులకు, కాలవలకు పెడతారు. పెరిగిన పంటలోంచి తిరుప్పోనకం, అప్పపడి, అతిరసపడి వంటి నైవేద్యాలు జరుగుతాయి. నైవేద్యమైన ప్రసాదంలో నాలుగోవంతు దాతది. దానికి 'విట్టవన్ విళుక్కాడు' అని పేరు. చివర గుడి కరణం తిరునిన్ర ఊరుడైయాన్ రాత అనీ, శ్రీవైష్ణవ రక్షై (శ్రీవైష్ణవుల కాపుదల) అనీ ముగుస్తుంది. అతిరసం మన అరిసెకు అన్నదమ్ముడని చదివే ప్రతివాడికీ తడుతుంది. కానీ అప్పటి కొలతల్లో బియ్యం, బెల్లం, నెయ్యి ఎంతెంత పట్టేవో ఆ శాసనాల్లోనే ఉంది. ఆ పాళ్లు పట్టికగా తీస్తే ఒక చక్కని పరిశోధనావ్యాసం అవుతుంది.

తేదీ తేల్చడం

ఇది నేర్చుకోని పరిశోధకుడు ఎప్పుడూ ఒకరి మీద ఆధారపడాల్సిందే. పద్ధతి చూపడానికి అందరికీ తెలిసిన తేదీ తీసుకుందాం. కృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చింది శక 1434 ఆంగీరస సంవత్సరంలో. 

మొదట సంవత్సరం పేరు సరిపోతుందో లేదో చూడాలి. శక సంవత్సరానికి 12 కలిపి 60తో భాగించండి. మిగిలిన శేషం ప్రభవాది వరసలో ఎన్నోదో చెబుతుంది. 1434కి 12 కలిపితే 1446. 60తో భాగిస్తే శేషం 6. ప్రభవ, విభవ, శుక్ల, ప్రమోదూత, ప్రజోత్పత్తి, ఆంగీరస. ఆరోది ఆంగీరసే. సరిపోయింది. శేషం సున్నా వస్తే అరవయ్యోది, అక్షయ. శేషం ఒకటి ఎక్కువ వస్తే శాసనం గడిచిపోయిన సంవత్సరాల లెక్క కాక నడుస్తున్న సంవత్సరం లెక్క ఇచ్చిందని అర్థం. రెండు, మూడు తేడా వస్తే మీరు అంకె తప్పు చదివారు, లేదా చెక్కినవాడు తప్పు చెక్కాడు. ముందు మిమ్మల్ని అనుమానించుకోండి.

తర్వాత క్రీస్తుశకం. 78 కలపాలని అందరికీ తెలుసు. కలిపితే 1512. కానీ రాయలు వచ్చింది 1513 ఫిబ్రవరి 10. ఎందుకంటే శక సంవత్సరం ఉగాదికి మొదలవుతుంది. జనవరి నుంచి ఉగాది దాకా వచ్చే తిథులకు 79 కలపాలి. తమిళ శాసనాల్లో సౌరమాసం ఇస్తారు గనుక అక్కడ సూర్యుడు మేషరాశిలోకి వచ్చే మేష సంక్రమణం దాకా 79. సగం పుస్తకాల్లో ఒక్క ఏడాది తేడాలు కనిపించడానికి కారణం ఇదే.

చివరగా వారం. తిథి, వారం, నక్షత్రం మూడూ ఇచ్చిన శాసనమైతే తేదీ కచ్చితంగా తేలుతుంది. దీనికి ఎల్.డి. స్వామికన్నుపిళ్లై వేసిన ఇండియన్ ఎఫిమెరిస్ పట్టికలు ఇప్పటికీ పనికొస్తాయి, క్రీ.శ. 700 నుంచి 1799 వరకు ఉన్నాయి. ఫోన్‌లోని క్యాలెండర్‌ను నమ్ముకుంటే దెబ్బతింటారు. 1582కు ముందు తేదీలన్నీ జూలియన్ పద్ధతిలో, అంటే యూరపు పాత క్యాలెండర్ ప్రకారం చెప్పేవి. 1513 ఫిబ్రవరి 10 గురువారం. చాలా యాప్‌లు ఇప్పటి పద్ధతినే వెనక్కి లాగి అదే తేదీకి సోమవారం చూపిస్తాయి. దాంతో శాసనంలోని వారం తప్పని రాసేసినవాళ్లున్నారు.

శక సంవత్సరం మాటల్లో ఇస్తే కుడి నుంచి ఎడమకు చదవాలి. ఉదాహరణకు 'వేద రామ యుగ చంద్ర' అంటే 4, 3, 4, 1. తిరగేస్తే 1434. ఇక్కడ చిక్కల్లా ఒకే మాటకు రెండు విలువలు ఉండడం. 'సముద్ర' నాలుగూ అవుతుంది, ఏడూ అవుతుంది. అప్పుడు మళ్లీ ప్రభవాది పేరే గట్టెక్కిస్తుంది.

పాలనా సంవత్సరం ఒక్కటే ఉంటే పరిస్థితి వేరు. తిరుమల భోగశ్రీనివాసమూర్తిని, వెండి విగ్రహం, పల్లవ వంశపు సామవై చేయించి ఇచ్చిందని శాసనం. దానిలో శకం లేదు, ఒక రాజు పాలనలో 14వ ఏడు అని ఉంది. ఆ రాజు ఎవరన్న దాన్ని బట్టి కొందరు క్రీ.శ. 614 అంటారు, చాలామంది చరిత్రకారులు 966 అంటారు. తేడా 352 ఏళ్లు. విగ్రహం ఒకటే, శాసనం ఒకటే. ఇలాంటి చోట ఒక తేదీ రాసి ఊరుకోవడం అన్యాయం. రెండూ రాయాలి, ఏది ఎందుకు నమ్ముతున్నారో రాయాలి, లిపి ఆకారం ఏమంటోందో రాయాలి.

రాతి మీంచి అచ్చు తీయడం

కొత్త శాసనం కనిపించినా, పాత పాఠం మీద అనుమానం వచ్చినా, రాయి దగ్గరికే పోవాలి. ముందు అనుమతి. ఏఎస్‌ఐ (కేంద్ర పురావస్తు శాఖ) రక్షణలో ఉన్న కట్టడమైతే ఆ శాఖ దగ్గర, దేవాదాయశాఖ గుడి అయితే ఈవో దగ్గర, రాతపూర్వకంగా తీసుకోండి. ఊరి గుడి అయినా పెద్దమనుషులతో మాట్లాడకుండా బ్రష్షు తీయొద్దు. గోడకు నీళ్లు కొట్టి కాగితం అతికించేవాణ్ణి చూస్తే గుప్తనిధుల వాళ్లనుకుని పట్టుకుంటారు. తప్పు వాళ్లది కాదు.

కావాల్సినవి: గట్టి చేతికాగితం, మెత్తటి బ్రష్షు, పొట్టి గట్టి వెంట్రుకల కొట్టుడు బ్రష్షు, రెండు బకెట్ల నీళ్లు, దీపపు మసి జిగురుతో కలిపి చేసిన నల్ల సిరా, దూదిని గుడ్డలో చుట్టి కట్టిన అద్దుడు ఉండ. పని ఉదయం ఏడు, తొమ్మిది మధ్య పెట్టుకోండి. మన ఎండకు పది దాటితే కాగితం మీరు చూస్తుండగానే ఎండి ఊడిపోతుంది. గాలి ఉంటే ఇంకా త్వరగా.

రాయిని నీళ్లతో, మెత్తటి బ్రష్షుతో కడగాలి. నాచు, సున్నం, నూనెజిడ్డు పోవాలి. ఇనుప బ్రష్షు వద్దు, యాసిడ్ వద్దు, గీరడం అసలు వద్దు. ఒకటికి రెండు రోజులు నానబెట్టి కడగండి. తడిసిన రాయి మీద తడిపిన కాగితం పరిచి, మధ్య నుంచి అంచులకు మెత్తగా నెట్టుతూ గాలిబుడగలు తీసేయాలి. ఆపైన కొట్టుడు బ్రష్షుతో నిటారుగా, ఒకే బలంతో, వరస తప్పకుండా కొట్టాలి. కాగితం అక్షరాల గుంటల్లోకి దిగాలి. చినిగిన చోట చిన్న తడి కాగితం ముక్క అతికించి మళ్లీ కొట్టండి. రెండు షీట్లు కావాల్సి వస్తే నాలుగు వేళ్ల వెడల్పు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి.

అసలు కిటుకు సిరా వేళలో ఉంది. కాగితం చెయ్యి పెడితే చల్లగా ఉండాలి, చేతికి తడి అంటకూడదు. అప్పుడు అద్దాలి. ముందే అద్దితే సిరా గుంటల్లోకి పాకి అక్షరం మూసుకుపోతుంది. ఆలస్యమైతే కాగితం రాయిని వదిలి పైకి లేస్తుంది, అద్దినప్పుడల్లా కదిలి అక్షరానికి జంట నీడ పడుతుంది. ఉండను ముందు ఒక పలక మీద అద్ది ఎక్కువ సిరా తీసేసి, తేలిగ్గా, మూడు నాలుగు దఫాలుగా నలుపు పెంచుకుంటూ పోవాలి. నేల నల్లగా, అక్షరం తెల్లగా వస్తుంది. పూర్తిగా ఆరాక పై అంచు నుంచి ఊడదీయండి. వెంటనే వెనకవైపు పెన్సిలుతో గుడి, గోడ, దిక్కు, నేల నుంచి ఎత్తు, పంక్తుల సంఖ్య, తేదీ రాయండి. ఇంటికి పోయి రాద్దాంలే అనుకుంటే ఉత్తరం గోడదీ దక్షిణం గోడదీ కలిసిపోతాయి. రెండు ప్రతులు తీసి ఒకటి అనుమతి ఇచ్చినవాళ్లకు ఇవ్వండి.

అనుమతి రాకపోతే, రాయి పెచ్చులూడే స్థితిలో ఉంటే, ఫొటోనే మార్గం. చీకటి పడ్డాక, కెమెరా కదలకుండా పెట్టి, టార్చి గోడకు దాదాపు ఆనించినట్టుగా పక్క నుంచి వేయాలి. ఎడమ నుంచి ఒకటి, కుడి నుంచి ఒకటి, పై నుంచి ఒకటి. ఒక వెలుగులో కనపడని గీత ఇంకో వెలుగులో పైకొస్తుంది. కొలబద్ద ఫొటోలో పడాలి. అక్షరాల్లో సుద్దపొడి, పిండి, విభూతి నింపి ఫొటో తీసే అలవాటు చాలా చోట్ల ఉంది. అది మీ కంటికి కనిపించిన అక్షరాన్నే నింపుతుంది, ఉన్న అక్షరాన్ని కాదు. తర్వాత వచ్చేవాడు మీ పొరపాటునే చదువుతాడు. రాగిరేకులు దొరికితే మనవాళ్లు చేసే మొదటి పని చింతపండుతో తోమడం. మెరుస్తుంది గానీ సన్నగీతలు అరిగిపోతాయి. రేకును మెత్తని గుడ్డలో చుట్టి మ్యూజియం రసాయన విభాగానికి చూపించమని చెప్పండి.

ఎత్తి రాసేటప్పుడు పంక్తికి పంక్తిగా, రాతి మీద ఎలా ఉంటే అలా. తప్పులు దిద్దొద్దు. అనుమానం ఉన్న అక్షరం చదరపు బ్రాకెట్లలో, పోయిన అక్షరాలకు చుక్కలు, ఎన్ని పోయాయో అన్ని. మొదట మీ పాఠం రాసుకుని, ఆ తర్వాతే అచ్చు పాఠం తెరవండి. ముందే తెరిస్తే కన్ను అక్కడ ఉన్నదే చూస్తుంది.

బొమ్మను చూడడం

ఏర్పేడు మండలం గుడిమల్లం పరశురామేశ్వరాలయానికి పాపానాయుడుపేట మీదుగా పోవచ్చు. గర్భగుడి వెనకవైపు ఏనుగు వీపులా గుండ్రంగా ఉంటుంది. లోపల దాదాపు అయిదడుగుల లింగం, దాని ముందువైపు నిలువెత్తు మూర్తి. ఒక గంట పేరు పెట్టకుండా చూడండి. కుడిచేత కాళ్లు పట్టుకుని వేలాడదీసిన పొట్టేలు. ఎడమచేత చిన్న పాత్ర. ఎడమ భుజానికి ఆనిన గొడ్డలి. పాదాల కింద కూచున్న మరుగుజ్జు. జంధ్యం లేదు. సన్నని వస్త్రం. ఇదంతా రాశాక మాత్రమే 'శివుడు' అని రాయండి. ముందే రాస్తే జంధ్యం లేదన్న సంగతి కంటికి ఆనదు, గొడ్డలి మాత్రం కనిపిస్తుంది.

దీని కాలం మీద ఒక శతాబ్దంగా వాదన ఉంది. టి.ఎ. గోపీనాథరావు దీన్ని లోకానికి చూపినప్పటి నుంచి క్రీస్తుపూర్వం మూడో శతాబ్దం అన్నవాళ్లున్నారు, క్రీస్తుశకం రెండు మూడు శతాబ్దాలు అన్నవాళ్లూ ఉన్నారు. 1973-74లో ఐ. కార్తికేయ శర్మ ఇక్కడ తవ్వకం జరిపారు. గుడిలో పల్లవుల, బాణుల కాలం శాసనాలున్నా అవి లింగం చెక్కిన కాలానివి కావు. గోడ మీద తొమ్మిదో శతాబ్దపు శాసనం ఉంటే గుడి లోపలి విగ్రహం కూడా ఆనాటిదే అనుకోవడం, లేదా విగ్రహం పాతది గనుక కట్టడమంతా పాతదే అనుకోవడం, రెండూ ఒకే రకం తప్పులు. లింగం, గర్భగుడి, మండపం, శాసనం, ఉత్సవవిగ్రహం, స్థలపురాణం: ఆరింటికి ఆరు తేదీలు వేరువేరుగా రాసుకోండి. స్థలపురాణాన్ని కట్టుకథ అని పారేయొద్దు, చరిత్ర అని నెత్తిన పెట్టుకోవద్దు. అది ఎప్పుడు రాశారో, ఎవరు రాయించారో తేలితే అదీ ఒక శాసనమంత విలువైనదే.

ఆగమం, అర్చకులు

తిరుమలలో వైఖానసం, తిరుచానూరులో పాంచరాత్రం, రెండూ వైష్ణవ ఆగమ పద్ధతులే. కొద్దిపాటి దూరంలోనే రెండు సంప్రదాయాలను పక్కపక్కన పెట్టి చూడగల చోట్లు దేశంలో ఎక్కువ లేవు. వైఖానసంలో మరీచి విమానార్చనకల్పంతో, పాంచరాత్రంలో పాద్మసంహితతో మొదలుపెట్టండి. ఒక్క అధ్యాయం, ఉదాహరణకు స్నపనం, అంటే స్వామికి చేసే అభిషేకం. దాన్ని చదివి, గుడిలో జరిగే స్నపనం చూసి, తేడాలు రాసుకోండి. తేడా కనిపించగానే 'అర్చకులు శాస్త్రం తప్పారు' అని తేల్చడం పుస్తకం పురుగుల లక్షణం. గ్రంథంలో లేనిది స్థానిక ఆచారం కావచ్చు, ఇంకో సంహితలో ఉండవచ్చు, మీరు చదివిన ప్రతి తప్పుది కావచ్చు.

అర్చకస్వాములను మధ్యాహ్న నైవేద్యమయ్యాక, తలుపులు వేసే వేళకు ముందు కలవండి. పూజ మధ్యలో ప్రశ్నలు వేయొద్దు. 'స్వామీ, ఇక్కడ ఇలా ఎందుకు చేస్తారు' అంటే 'సంప్రదాయం నాయనా' అన్న జవాబే వస్తుంది. 'మీ నాన్నగారి కాలంలో ఈ కలశాలు ఎన్ని పెట్టేవాళ్లు' అని అడగండి, అరగంట మాట్లాడతారు. మంత్రాలు రికార్డు చేయడానికి విడిగా అడగాలి. వద్దంటే వద్దు.

తాటాకు ప్రతుల కోసం తిరుపతిలోనే ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది. 1939లో దేవస్థానం మొదలుపెట్టింది, తర్వాత శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయానికి చేరింది. ఒక గ్రంథానికి కనీసం మూడు ప్రతులు పోల్చి చూడండి. ఒకే మాట రెండు పంక్తుల్లో వస్తే లేఖకుడి కన్ను మొదటిదాని నుంచి రెండోదానికి దూకి మధ్యలోది ఎగిరిపోతుంది. రెండు ప్రతుల్లో ఒకే చోట ఒకే ఎగురుడు ఉంటే, రెండోది మొదటిదాని నకలు కావచ్చు, లేదా రెండూ ఒకే తల్లిప్రతి పిల్లలు కావచ్చు.

కూడు, గుడ్డ

చదువు దారి ఇక్కడే ఉంది. శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో ప్రాచీన చరిత్ర, సంస్కృతి, పురావస్తు విభాగం, జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో ఆగమం, సాహిత్యం. ఎంఏ తర్వాత ఏటా జూన్, డిసెంబరుల్లో జరిగే యూజీసీ నెట్. అందులో జేఆర్‌ఎఫ్, అంటే పరిశోధనకు ఇచ్చే భృతి, వస్తే పీహెచ్‌డీ గడిచిపోతుంది, రాకపోతే కష్టమే. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పడుతుంది. తవ్వకాల వైపు పోవాలంటే గ్రేటర్ నోయిడాలో ఏఎస్‌ఐ వారి సంస్థ రెండేళ్ల పీజీ డిప్లొమా ఇస్తుంది. ఏఎస్‌ఐ శాసనశాఖ ప్రధాన కార్యాలయం మైసూరులో. అక్కడి ఉద్యోగాలు తక్కువ, ఎప్పుడో గాని పడవు. నిజం చెప్పాలంటే శాసనాలు చదివే వారిలో చాలామంది జూనియర్ కాలేజీల్లో, బడుల్లో, గ్రంథాలయాల్లో పనిచేస్తూ ఆదివారాలు గుళ్లకు పోయేవాళ్లే. గుడి ఆదివారమూ తెరిచే ఉంటుంది గనుక ఇదేమీ చిన్నతనం కాదు.

థీసిస్ అంశం ఎంచుకునేటప్పుడు 'తిరుపతి ప్రాంతంలో వైష్ణవం' అని పెట్టకండి. 'అచ్యుతరాయల కాలం తిరుమల శాసనాల్లో ప్రసాదం పంపకం' అని పెట్టండి. మొదటిదానికి హద్దు లేదు. రెండోదానికి ఒక సంపుటం, ఒక రాజు, ఒక ప్రశ్న ఉన్నాయి. రోజుకు రెండు శాసనాలు చదివి కార్డులకు ఎక్కించవచ్చు. కార్డు మీద శాసనం సంఖ్య, తేదీ, దాత, దాత కులమో వృత్తో చెప్పే మాట యథాతథంగా, ఇచ్చిన మొత్తం, నైవేద్యం, దాత వంతు, ఆ వంతు తిరిగి ఎవరికి రాసిచ్చాడు. చివరి గడి చాలామంది వదిలేస్తారు. దాత తన నాలుగోవంతును మఠానికి ఇచ్చాడా, సత్రానికి ఇచ్చాడా, తిరిగి గుడి కొలువుకే వదిలాడా అన్నది ఆ గడిలోనే ఉంటుంది.